హీరోగారు లైన్లో నిలబడాలా? ఆ పక్క గేటు తాళం మోసినవాడి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఆదివారం పిల్లల్ని తీసుకుని అమ్యూజ్‌మెంట్ పార్కుకి వెళ్లారు. రోలర్ కోస్టర్ లైన్లో గంటంబావు నిలబడ్డారు. ఇంకో రెండు ట్రిప్పుల్లో మీ వంతు వస్తుందనగా పక్క గేటు తెరుచుకుంది. ఒక సినిమా నటుడి కుటుంబం, మొత్తం ఆరుగురు, దర్జాగా వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. మీ అబ్బాయి "వాళ్లు మనకన్నా ముందొచ్చారా నాన్నా?" అని అడిగితే మీకు ఏం చెప్పాలో తోచలేదు. సెలబ్రిటీలకి ఈ స్పెషల్ ట్రీట్‌మెంట్ న్యాయమేనా అన్నది మీ ప్రశ్న.

నేను హైదరాబాద్ శివార్లలో ఒక పార్కులో రైడ్ ఆపరేటర్‌గా చేరి, ఆపరేషన్స్ మేనేజర్‌గా బయటికొచ్చాను. మొత్తం పదిహేడేళ్లు. మీరు చూసిన అలాంటి పక్క గేటు తాళంచెవి చాలా ఏళ్లు నా జేబులోనే ఉండేది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: వాళ్లకి వేరే దారి ఇవ్వాల్సిందే, మీ టైమ్ మాత్రం ఇవ్వకూడదు. చాలా పార్కులు ఈ రెండింటినీ కలిపేసి గందరగోళం చేస్తాయి.

ముందు లెక్క చూద్దాం. ఎందుకంటే మనకి కోపం వచ్చేది ఒకచోట, టైమ్ పోయేది ఇంకోచోట. మా కోస్టర్‌కి ఒకటే ట్రైన్, 24 సీట్లు. జనాన్ని ఎక్కించి, లాప్‌బార్లు, అంటే ఒళ్లో మనిషిని పట్టి ఉంచే కడ్డీలు, దించి, ఒక్కొక్కటీ చేత్తో లాగి చూసి, తిప్పి, మళ్లీ దించేసరికి మూడు నిమిషాలు. అంటే గంటకి 20 ట్రిప్పులు, 480 మంది. ఆరుగురు మధ్యలో వచ్చారంటే ట్రైన్లో నాలుగో వంతు తీసుకున్నట్టు. మీరు ఖర్మకాలి మీ ట్రిప్పు ఎక్కాల్సిన చివరి ఆరుగురిలో ఉంటే మూడు నిమిషాలు పోతాయి, లేకపోతే ఏమీ పోదు. సగటున 45 సెకన్లు.

ఇప్పుడు ఇంకోటి చూడండి. మీ లైను పక్కనే ఇంకో సన్నటి లైను చకచకా కదులుతూ ఉండి ఉంటుంది. అదనంగా డబ్బు కట్టినవాళ్ల లైను. దాన్ని మన దగ్గర ఎక్కువగా ఫాస్ట్‌ట్రాక్ అంటారు. ప్రతి ట్రిప్పులో ఆరు సీట్లు ఆ లైనుకి వదిలారనుకోండి, మీ లైనుకి గంటకి 360 సీట్లే మిగులుతాయి. మీరు నిలబడ్డ గంటంబావులో మీ ముందు ఎక్కినవాళ్లు 450 మంది. 480 చొప్పున కదిలి ఉంటే ఆ 450 మందీ 56 నిమిషాల్లో ఎక్కేసేవాళ్లు. అంటే 19 నిమిషాలు అక్కడ పోయాయి. ఫాస్ట్‌ట్రాక్ లేకపోతే వాళ్లూ మీతోపాటు లైన్లోనే నిలబడేవాళ్లు కదా అంటారా, నిజమే. లెక్క ఇంత సూటిగా ఉండదు. కానీ ఏది పెద్దదో తెలియడానికి ఇది చాలు. మీకు కోపం వచ్చింది మాత్రం 45 సెకన్ల మనిషి మీద.

అలా రావడంలో తప్పేం లేదు. ఎంఐటీ ప్రొఫెసర్ రిచర్డ్ లార్సన్ క్యూల మీద చాలా ఏళ్లు పనిచేశారు. ఎంతసేపు నిలబడ్డాం అన్నదానికన్నా మన వెనకవాడు మనల్ని దాటేశాడా అన్నదే మనిషిని ఎక్కువ బాధపెడుతుందని 1987లోనే రాశారు. అంత దూరం వెళ్లక్కర్లేదు, మన తెలుగువాళ్లకి క్యూ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. తిరుమలలో సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో రాత్రంతా కూర్చున్నవాళ్లం. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ కోసం తెల్లారే ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లం. శ్రీవాణి ట్రస్టుకి 10,000 విరాళం ఇస్తే బ్రేక్ దర్శనం దొరుకుతుందని తెలిసినవాళ్లం. 300 టికెట్ వాడు పక్కనుంచి పోతుంటే మనకేం అనిపించదు, ఈసారి మనమూ తీసుకుందాం అనుకుంటాం. సిఫార్సు లెటర్ పట్టుకుని పోయేవాణ్ణి చూస్తేనే గొణుగుడు మొదలవుతుంది. రేటు కట్టిన గేటు ఒకరకం, మొహం చూసి తెరిచే గేటు ఇంకోరకం.

పెద్ద పార్కులు ఈ తేడా కనిపెట్టి దాన్నే వ్యాపారం చేసుకున్నాయి. డిస్నీనే తీసుకోండి. 1999లో ఫాస్ట్‌పాస్ అని పెట్టారు. ఉచితం, ఎవరైనా తీసుకోవచ్చు, టైమ్ రాసిన చీటీ ఇస్తారు, ఆ టైమ్‌కి వస్తే చిన్న లైను. 2021లో దాని బదులు డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. 2024 చివర్లో ఫ్లోరిడాలో, టైమ్‌తో పనిలేకుండా ఆ చిన్న లైన్లోకి పంపే ప్రీమియర్ పాస్ మొదలుపెట్టినప్పుడు ఒక మనిషికి ఒక పార్కులో ఒక రోజుకి 129 నుంచి 449 డాలర్లు. అది గేటు టికెట్ కాకుండా, పైన. ఇంకా పైకి పోతే ప్రైవేట్ వీఐపీ టూర్ ఉంటుంది. అప్పట్లో గంటకి 450 నుంచి 900 డాలర్లు, కనీసం ఏడు గంటలు బుక్ చేసుకోవాలి, పదిమంది దాకా రావచ్చు. గళ్ల వెయిస్ట్‌కోటు వేసుకున్న గైడ్ రోజంతా వెంట ఉండి, జనానికి కనపడని దారుల్లో తిప్పి, రైడ్ దగ్గరికి చేరుస్తాడు. ఆ గైడ్ల వెనక నడిచేవాళ్లలో సినిమావాళ్లూ ఉంటారు, క్రికెటర్లూ ఉంటారు, ఎవరికీ తెలియని సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమానులూ ఉంటారు. డల్లాస్‌లో ఉండే మా తోడల్లుడు, మామూలు ఉద్యోగస్తుడే, రెండు కుటుంబాలవాళ్లు కలిసి చందాలు వేసుకుని ఒకసారి తీసుకున్నారు. తిరిగొచ్చాక "ఒక్కరోజు మమ్మల్నీ అందరూ ఎవరో అనుకున్నారు బావా" అన్నాడు. ఆ ధర నాకు నచ్చుతుందని కాదు. ఏడు గంటలకి కనీసం 3,150 డాలర్లంటే మన డబ్బుల్లో లక్షల మాట. కానీ కనీసం బోర్డు మీద ఉంది.

పాత రోజుల్లో ఇలా ఉండేది కాదు, పార్కు యజమాని స్వయంగా ఎదురొచ్చేవాడు. 1961 నవంబర్‌లో నెహ్రూ అమెరికా వెళ్లినప్పుడు కాలిఫోర్నియా డిస్నీలాండ్‌కి వెళ్తే, ఇందిర కూడా వెంట ఉండగా, వాల్ట్ డిస్నీయే తిప్పి చూపించాడు. దానికి రెండేళ్ల ముందు, 1959 సెప్టెంబర్‌లో, సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ అదే డిస్నీలాండ్ చూస్తానంటే సెక్యూరిటీ కారణాలు చెప్పి వద్దన్నారు. ఆయన లంచ్ మీటింగులోనే అందరి ముందూ చిరాకుపడ్డాడు. అంత పెద్దమనిషికి కూడా "కుదరదు" అని చెప్పారంటే అది మర్యాద లోపం కాదు. జనం మధ్యలోకి అలాంటి మనిషిని వదిలితే ఏమవుతుందో పోలీసులకి తెలుసు.

ఏమవుతుందో నేనూ చూశాను. వేరే దారి ఎందుకివ్వాలి అన్నదానికి నా జవాబు ఇదే.

ఒక వేసవి శనివారం. అప్పుడే హిట్టు కొట్టిన ఒక హీరో ప్రమోషన్‌కి వచ్చాడు. వెనక సర్వీస్ రోడ్డు ఉంది, అందులోంచి తీసుకొద్దామని మేం అన్నాం. పైవాళ్లలో ఎవరికో ఆయన జనం మధ్యలోంచి నడిస్తే ఫొటోలు బాగుంటాయనిపించింది. మెయిన్ గేటు నుంచి కోస్టర్ దాకా నాలుగొందల అడుగులు ఉంటుంది. వేవ్‌పూల్లోంచి తడి బట్టలతోనే జనం పరుగెత్తుకొచ్చారు. లైన్లో ఉన్నవాళ్లు రెయిలింగులు దూకి ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చేశారు. ఆ టైమ్‌కి ట్రైన్ పైన ఉంది, ఇంకో నలభై సెకన్లలో స్టేషన్లోకి వస్తుంది. పట్టాల అంచున పిల్లలు. నేను ఎమర్జెన్సీ స్టాప్ కొట్టాను. ట్రైన్ స్టేషన్‌కి కాస్త ముందు బ్రేకుల మీద ఆగిపోయింది, లోపల 24 మంది ఎండలో ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నారు. ఒకమ్మాయి కాలు రెండు రెయిలింగుల మధ్య ఇరుక్కుని వాచిపోయింది. అంతకన్నా ఎక్కువ ఏమీ జరగలేదు, అది మా గొప్ప కాదు, మా అదృష్టం. సాయంత్రం ఊడ్చేటప్పుడు ఒంటి చెప్పులు ఒక గోనెసంచి నిండాయి. ఆ హీరో పాపం రైడ్ ఎక్కనేలేదు. అరగంట కంట్రోల్ రూమ్‌లో నా పక్కన స్టూల్ మీద కూర్చుని నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర, హీరో వచ్చిన ప్రీమియర్ షోకి జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావుబతుకుల మధ్య ఆస్పత్రిలో పడ్డాడు. అందులో తప్పెవరిదన్న వాదనలోకి నేను పోను. ఆ వార్త చూసిన రాత్రి మాత్రం నాకు ఆ గోనెసంచి గుర్తొచ్చింది.

కాబట్టి సెలబ్రిటీ వస్తే వెనక రోడ్డు, పక్క గేటు, విడిగా కూర్చుని తినడానికి ఒక గది, వెంట ఒక మనిషి. ఇవన్నీ ఇవ్వాలి. అది ఆయన గొప్పతనానికి ఇచ్చేది కాదు, మీ పిల్లాడి కాలు ఇరుక్కోకుండా ఇచ్చేది. ఆయన మీతోపాటు లైన్లో నిలబడితే న్యాయంగా ఉంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఆయన గంటంబావు ఆ లైన్లో నిలబడితే ఆ లైను లైనుగా ఉండదు.

ఇవ్వకూడనివి వేరే ఉన్నాయి. రైడ్ ఆపి ఉంచడం మొదటిది. "సార్ ఐదు నిమిషాల్లో వస్తున్నారు, ట్రైన్ పంపొద్దు" అని వాకీటాకీలో చెప్తారు. ఆ ఐదు నిమిషాలు ఎప్పుడూ పన్నెండు అవుతుంది. అంటే నాలుగు ట్రిప్పులు, 96 సీట్లు గాల్లో కలిసిపోయినట్టు. రెండోది, ముగ్గురి కోసం 24 సీట్ల ట్రైన్ ఖాళీగా తిప్పడం. మూడోది, మళ్లీ మళ్లీ తిప్పడం. మీ కథలో ఆరుగురు వచ్చి, మామూలు జనంతో పాటు కూర్చుని, ఒక ట్రిప్పు తిరిగి దిగిపోయారు. నా లెక్కన అది బాగానే జరిగినట్టు. ఒక్క పొరపాటు, వాళ్లని మీ కళ్ల ముందు ఎక్కించడం. దిగే వైపు నుంచి ఎక్కించి వెనక వరసలో కూర్చోబెడితే మీకు తెలిసేది కూడా కాదు. కోస్టర్లో వెనక వరసే ఎక్కువ విసురుతుంది, ముందు వరస అడిగేవాళ్లకి ఆ సంగతి తెలీదు.

మన పార్కుల్లో ప్రతివారం నలిగే వీఐపీ సమస్యకి సినిమావాళ్లతో పనేలేదు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. హీరో ఏడాదికి ఒకసారి వస్తాడు, హీరోగారి డ్రైవర్ బావమరిది ప్రతి ఆదివారం వస్తాడు. శనివారం రాత్రి నుంచే నా ఫోన్ మోగేది. "అన్నా, మనోళ్లే, ఎనిమిది మంది, కొంచెం చూసుకో." మనోళ్లంటే స్టేషన్ ఎస్సైగారి మరదలు, కరెంటాఫీసు ఏఈగారి ఫ్రెండ్సు, ఊరి సర్పంచి తాలూకు, లోకల్ కేబుల్ చానెల్ రిపోర్టరు. ఎనిమిది మందంటారు, పద్నాలుగు మంది దిగుతారు. వీళ్లు టికెట్టూ కొనరు, లైన్లోనూ నిలబడరు, భోజనం కూపన్లు కూడా అడుగుతారు. ఏఈగారిని కాదంటే సోమవారం ట్రాన్స్‌ఫార్మర్ రిపేరుకి ఎవరూ రారని భయం. ఒక పండగ ఆదివారం ఖాళీగా ఉండి లెక్కపెట్టాను, పక్క గేటు నుంచి ఎక్కినవాళ్లు 112 మంది. అందులో టీవీలో ఎప్పుడైనా కనిపించినవాళ్లు ఇద్దరు. ఇప్పుడు రీల్స్ చేసేవాళ్లు తయారయ్యారు, లక్ష ఫాలోవర్లున్నారంటూ ఫోన్ స్క్రీన్ చూపించి గేటు తీయమంటారట. నేను మానేశాక వచ్చిన తద్దినం అది, దాని గురించి నాకు సొంత అనుభవం లేదు.

ఎవరికీ ఇవ్వకూడనిది ఇంకొకటుంది: ఎత్తు. ఇందులో నా కథ కూడా గొప్పగా ఉండదు.

మా కోస్టర్‌కి 140 సెంటీమీటర్లు ఉండాలి. గేటు పక్కన పసుపు రంగు కొలత కర్ర, తల దానికి తగిలితేనే లోపలికి. ఒక పెద్దమనిషి కొడుకు వచ్చాడు, లావు సోల్ బూట్లు వేసుకుని కూడా 136. ఆ రోజు గేటు దగ్గర ఉన్నది నల్గొండ వైపు కుర్రాడు, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. వాడు "కుదరదు బాబూ" అన్నాడు. పీఏ ముందుకొచ్చి ఎవరనుకుంటున్నావ్ అని మొదలుపెట్టాడు. మూడు నిమిషాల్లో నాకు పైనుంచి ఫోన్ వచ్చింది: "చూసీచూడనట్టు వదిలెయ్." ఆ లాప్‌బార్ పెద్దవాళ్ల తొడల మీద దిగేలా చేసింది. సన్నటి పిల్లాడైతే చివరి క్లిక్ దాకా దించినా ఒళ్లో చెయ్యి పట్టేంత ఖాళీ మిగులుతుంది. నాకు అది తెలుసు. పైవాడికి కుదరదని చెప్పే ధైర్యం లేదు. అబద్ధం చెప్పాను. సెన్సర్ ప్రాబ్లమ్ వచ్చింది, రైడ్ ఆపేస్తున్నాం అన్నాను. వాళ్లు విసుక్కుని బంపర్ కార్ల వైపు వెళ్లేదాకా, పావుగంట, ట్రైన్ తిప్పలేదు. లైన్లో మూడొందల మంది ఎండలో నిలబడ్డారు. చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ పావుగంట స్పెషల్ ట్రీట్‌మెంట్ ఇచ్చింది నేనే, కాకపోతే ఎవరికీ కనపడకుండా. నల్గొండ కుర్రాడు మాత్రం నా వైపు చూసి ఏమీ అనలేదు.

రైడ్‌కి ఎవరెవరో తెలీదు. అమెరికాలో కాన్సాస్ సిటీలో వెరూక్ట్ అని 51 మీటర్ల ఎత్తు నీటి జారుడుబండ ఉండేది, అప్పట్లో ప్రపంచంలో అదే ఎత్తైంది. 2016 ఆగస్టు 7న ఆ పార్కువాళ్లు ప్రజాప్రతినిధులకీ వాళ్ల కుటుంబాలకీ ఉచిత ప్రవేశం ఇచ్చారు. ఆ రోజే ఒక శాసనసభ్యుడి కొడుకు, పదేళ్లవాడు, ఎక్కిన తెప్ప గాల్లోకి లేచి, పైన ఉన్న ఇనుప చట్రానికి తగిలి చనిపోయాడు. ప్రత్యేక మర్యాద వల్ల ఆ ప్రమాదం జరిగిందని నేను అనడం లేదు, లోపం ఆ రైడ్ డిజైన్లోనే ఉంది. తర్వాత దాన్ని పడగొట్టేశారు. కానీ "సార్‌వాళ్లబ్బాయి, ఏం కాదులే" అని ఎవరైనా నాతో అన్నప్పుడల్లా ఆ తెప్ప గుర్తొస్తుంది.

మరి లైను దాటే హక్కు నిజంగా ఎవరికుండాలి? నిలబడలేనివాళ్లకి. ఇందులో పేచీ లేదనుకుంటాం గానీ ఇక్కడా మనుషులు మనుషులే. డిస్నీ పార్కుల్లో వైకల్యం ఉన్నవాళ్లకి ఇచ్చే కార్డుని వాడుకోవడానికి, డబ్బున్న కుటుంబాలు వీల్‌చైర్లో ఉన్నవాళ్లని గంటకి 130 డాలర్లిచ్చి వెంట తెచ్చుకుంటున్నాయని 2013 మే నెలలో వార్తలొచ్చాయి. అదే సంవత్సరం అక్టోబర్‌లో పాత కార్డు తీసేశారు. కొత్త పద్ధతిలో నేరుగా లోపలికి పంపరు. లైను ఎంతసేపుందో అంతసేపటి తర్వాతి టైమ్ ఇస్తారు, ఆ లోపు నీడలో కూర్చోవచ్చు. నిజంగా అవసరమున్నవాళ్లు కొందరు దాంతో ఇబ్బందిపడ్డారు, కోర్టుకి కూడా వెళ్లారు. అయినా ఆ ఆలోచన నాకు నచ్చుతుంది: కాళ్లకి విశ్రాంతి ఇస్తారు గానీ వేరేవాళ్ల వంతు లాక్కోరు. సెలబ్రిటీకి కూడా ఇదే చెయ్యొచ్చు. గంటంబావు లైనుంటే గంటంబావు గదిలో కూర్చోబెట్టి, ఆ టైమ్ అయ్యాక పక్క గేటు తియ్యొచ్చు. మా పార్కులో రెండుసార్లు ఈ మాట ఎత్తాను. రెండుసార్లూ నవ్వారు.

ఇక మీ అబ్బాయికి ఏం చెప్పాలంటే, ఉన్నది చెప్పండి. ముందు రాలేదురా, వేరే గేటు నుంచి వచ్చారు, లైన్లో ఉంటే తోపులాట అవుతుందని అలా పంపారు అనండి. పిల్లలు కారణం చెప్తే వింటారు. ఈసారి అలా జరిగితే మీరు గెస్ట్ రిలేషన్స్ కౌంటర్‌కి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి: "ఆ గేటుకి టికెట్ ఎంత?" రేటు చెప్తే కొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. నీళ్లు నమిలితే, టైమ్, రైడ్ పేరు రాసి ఫిర్యాదు ఇవ్వండి. రాసిచ్చిన కాగితం ఉంటే నాలాంటివాడికి మర్నాడు పైవాళ్లతో మాట్లాడటానికి కాస్త ధైర్యం వస్తుంది. రైడ్ ఆపి ఉంచారన్నా, ఎత్తు తక్కువ పిల్లాణ్ణి ఎక్కించారన్నా మాత్రం కాగితం దాకా ఆగొద్దు, అక్కడే గట్టిగా అరవండి.

అసలు ఆదివారం వెళ్లకండి. మంగళవారమో బుధవారమో, పరీక్షల నెలలో వెళ్లండి. గేటు తెరవగానే జనమంతా మొదట కనిపించిన రైడ్ దగ్గరే ఆగిపోతారు. మీరు ఆగకుండా పార్కు చివరిదాకా నడిచి, అక్కణ్ణుంచి వెనక్కి రండి. మొదటి గంటలో అక్కడ ట్రైన్ సగం ఖాళీగానే తిరుగుతుంది. ఆపరేటర్‌ని నవ్వుతూ అడిగితే దిగకుండానే ఇంకో రౌండు తిప్పుతాడు.